ఒకే ఐసీ స్టెబిలైజర్‌లో, మైక్ సెట్‌లో, కాటాలో: ఆప్-ఆంప్ అసలు చేసే పనేంటి?

మా మేనల్లుడు గుంటూరులో ఈసీఈ మూడో సంవత్సరం. సంక్రాంతి సెలవులకి ముందు మినీ ప్రాజెక్ట్ అని గదిలో ఎంత వేడి ఉందో చూపించే బోర్డ్ ఒకటి చేశాడు, అప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది. మే నెల్లో ఫైనల్ రివ్యూ ఇంకో వారం ఉందనంగా అదే బోర్డ్ కవర్లో వేసుకుని విజయవాడ మా ఇంటికొచ్చి "మావయ్యా, ఇది చచ్చిపోయింది" అన్నాడు. బయట ఎండ 44 ఉంది, బోర్డ్ మాత్రం 32 చూపిస్తంది. ఫ్యాన్ కింద పెట్టినా 32, మేడ మీద రేకుల షెడ్డులో పెట్టినా 32. సెన్సర్ కాలిపోయిందేమోనని గవర్నర్‌పేట వెళ్లి కొత్తది కొనుక్కొచ్చి పెట్టాడు, అదీ 32 దగ్గరే కూర్చుంది.

అందులో ఏదీ కాలలేదు. అన్నీ కరెక్టుగానే పనిచేస్తన్నాయి. దాని సంగతి కాసేపట్లో చెప్తా గానీ, అసలు గొడవ ఎక్కడుందంటే వీళ్ల పుస్తకంలో ఆప్-ఆంప్ (ఆపరేషనల్ యాంప్లిఫయర్, సిగ్నల్‌ని పెంచే ఐసీ) అని ఒకటే త్రిభుజం బొమ్మ గీసి దానికి పది పేర్లు పెట్టారు. ఇన్వర్టింగ్, నాన్-ఇన్వర్టింగ్, సమ్మర్, కంపారేటర్, ఇంటిగ్రేటర్, ష్మిట్ ట్రిగ్గర్, ఇట్టా. పిల్లలు వీటిని పది వేరే వేరే సర్క్యూట్లనుకుని పది ఫార్ములాలు బట్టీ పడతన్నారు. నిజానికి ఔట్‌పుట్ నుంచి ఒక తీగ వెనక్కి ఎక్కడికి వచ్చిందో చూస్తే చాలు, సగం కథ అక్కడే తెలిసిపోద్ది.

త్రాసు, ముల్లు, కొట్టాయన

ఆప్-ఆంప్‌కి ముఖ్యమైన పిన్నులు ఐదు. రెండు ఇన్‌పుట్లు (ఒకటి ప్లస్, ఒకటి మైనస్), ఒక ఔట్‌పుట్, రెండు సప్లై పిన్నులు. అది చేసే పని కూడా ఒకటే: ప్లస్ మీద వోల్టేజిలోంచి మైనస్ మీద వోల్టేజి తీసేసి, మిగిలిన తేడాని విపరీతంగా పెంచి ఔట్‌పుట్‌లో పెట్టడం. విపరీతం అంటే ఎంత? 741 అనే పాత ఆప్-ఆంప్ ఐసీ తీసుకుంటే మామూలుగా రెండు లక్షల రెట్లు (ముందు ముందు వచ్చే 358, 324 లాంటివి కూడా ఐసీల నంబర్లే).

ఈ రెండు లక్షలనే ఒకసారి లెక్కేసి చూద్దాం. అటు 15 ఇటు 15 వోల్టుల సప్లై ఇస్తే 741 ఔట్‌పుట్ ఎంత పెరిగినా 13 వోల్టుల చుట్టుపక్కలే ఆగిపోద్ది. 13ని రెండు లక్షలతో భాగిస్తే 65 మైక్రోవోల్టులు, అంటే మిల్లీవోల్టులో పదిహేనో వంతు. ఇన్‌పుట్ల మధ్య అంత చిన్న తేడా వచ్చినా ఔట్‌పుట్ పోయి గోడకి కొట్టుకుంటది. మరి ఇట్టాంటి ఒళ్లు తెలియని యాంప్లిఫయర్ దేనికి పనికొచ్చిద్ది?

పాత కిరాణా కొట్లో త్రాసు గుర్తు తెచ్చుకోండి. ఒక పళ్లెంలో అరకిలో రాయి, ఇంకో పళ్లెంలో పంచదార. త్రాసు ఎంత సున్నితమైందైతే అంత చిన్న తేడాకే ముల్లు పూర్తిగా ఒక పక్కకి వాలిపోద్ది. కానీ కొట్టాయన ముల్లునే చూస్తా, కొంచెం పోసి, ఎక్కువైతే కొంచెం తీసి, ముల్లు మధ్యకి తెస్తాడు. త్రాసు ఎంత పిచ్చిదో మనకి అక్కర్లేదు, రాయి ఎంతో పంచదార అంత.

ఆప్-ఆంప్‌లో ప్లస్ పళ్లెం రాయి, మైనస్ పళ్లెం పంచదార. ఔట్‌పుట్ నుంచి మైనస్‌కి వచ్చే తీగే కొట్టాయన. ఆ తీగ ఉంటే రెండు ఇన్‌పుట్లు సమానమయ్యేదాకా ఔట్‌పుట్ సర్దుకుంటా పోద్ది, దీన్నే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. తీగే లేకపోతే ముల్లు ఎటో ఒక పక్కకి పడిపోద్ది, అది కంపారేటర్. తీగ మైనస్‌కి కాకుండా ప్లస్‌కి వస్తే వాలే వైపుకే ఇంకా తోసిద్ది, అది ష్మిట్ ట్రిగ్గర్.

క్లాసులో రెండు గోల్డెన్ రూల్స్ చెప్తారు కదా, ఇన్‌పుట్లు కరెంట్ తీసుకోవు అనేది ఒకటి, రెండు ఇన్‌పుట్లూ ఒకే వోల్టేజి దగ్గర ఉంటాయి అనేది రెండోది. మొదటిది దాదాపు ఎప్పుడూ నిజమే. రెండోది మాత్రం కొట్టాయన ఉన్నప్పుడే, అదీ ఆయన బస్తాలో పంచదార ఉన్నంతవరకే నిజం. ఈ షరతు బోర్డ్ మీద రాయకపోవడం వల్లే పిల్లలు కంపారేటర్‌కి కూడా "వర్చువల్ షార్ట్" (ఆ రెండో రూలే) పెట్టేసి లెక్కలు చేసి ఏదేదో జవాబు తెస్తంటారు.

పేరులో "ఆపరేషన్" ఎక్కడిది

ఆపరేషన్ అంటే ఇక్కడ లెక్కలు. కూడిక, తీసివేత, ఇంటిగ్రేషన్. కంప్యూటర్లు ఇంకా అంకెలతో కాకుండా వోల్టేజీలతో లెక్కలు కట్టే రోజుల్లో, 1947లో అమెరికాలో జాన్ రగజీనీ వాళ్లు రాసిన పేపర్‌లో ఈ పేరు వచ్చింది. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఆలోచన అంతకన్నా పాతది, 1927లో బెల్ ల్యాబ్స్ ఇంజనీర్ హెరాల్డ్ బ్లాక్‌ది, పడవలో ఆఫీసుకి పోతా పోతా తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. మొదట్లో వాక్యూమ్ ట్యూబులతో చేసేవాళ్లు. 1960ల్లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో బాబ్ విడ్లర్ దీన్ని ఐసీగా తెచ్చాడు, 1968లో అక్కడే డేవ్ ఫుల్లగర్ 741 డిజైన్ చేశాడు. 741 అంత పాకిపోవడానికి కారణం, సర్క్యూట్ ఊగిపోకుండా ఆపే 30 పీకోఫారడ్ కెపాసిటర్‌ని ఐసీ లోపలే పెట్టేయడం. అంతకు ముందు వాటికి బయట మనం పెట్టుకోవాలి, లేకపోతే అది యాంప్లిఫయర్ అవ్వకుండా ఆసిలేటర్ అయి కూర్చునేది.

ఆ 32 డిగ్రీల బోర్డ్ కథ

ఇప్పుడు మావాడి బోర్డ్. సెన్సర్ ఎల్ఎం35, డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇచ్చిద్ది. 25 డిగ్రీలకి 0.25 వోల్టు. ఆర్డుయినోకి (వోల్టేజిని అంకెగా మార్చి ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డ్) ఇంత చిన్నది పంపితే కొలత గరుగ్గా ఉంటదని మధ్యలో ఆప్-ఆంప్ పెట్టి పెంచాడు. మొదట ల్యాబ్‌లో దొరికిన 741 పెట్టి 5 వోల్టుల సప్లై ఇచ్చాడంట, అసలు కదల్లేదు. కదలదు కూడా, 741కి ఇన్‌పుట్ అయినా ఔట్‌పుట్ అయినా సప్లై అంచులకి ఒకటిన్నర రెండు వోల్టుల దూరంలో ఉండాలి, దాని ముందు పావు వోల్టు పెట్టి కింద గ్రౌండ్ ఇస్తే దానికేం కనపడుద్ది? అప్పుడు ఫోన్ చేస్తే 358 పెట్టరా అని చెప్పా. 358కి ఇన్‌పుట్ గ్రౌండ్ దాకా దిగొచ్చు, ఔట్‌పుట్ కూడా దాదాపు గ్రౌండ్ దాకా వచ్చిద్ది. పెట్టాడు, పనిచేసింది, సంక్రాంతికి అరిసెలు తిని పోయాడు.

వాడు పెట్టింది నాన్-ఇన్వర్టింగ్ సర్క్యూట్. ఔట్‌పుట్ నుంచి మైనస్‌కి 10కె (పది వేల ఓమ్‌ల) రెసిస్టర్, మైనస్ నుంచి గ్రౌండ్‌కి 1కె. పది రెట్లు పెరుగుద్దనుకున్నాడు గానీ ఇక్కడ గెయిన్ (ఎన్ని రెట్లు పెరుగుద్దో ఆ లెక్క) 1 + 10/1, అంటే 11. ఎందుకంటే ఔట్‌పుట్‌ని ఈ రెండు రెసిస్టర్లు పంచుకుంటే మైనస్‌కి పదకొండో వంతే చేరుద్ది, ఆ పదకొండో వంతు సెన్సర్ వోల్టేజికి సమానం అవ్వాలంటే ఔట్‌పుట్ పదకొండు రెట్లు ఉండాలి. తేడా గమనించి ప్రోగ్రాంలో 11 తోనే భాగించాడు, అక్కడిదాకా తెలివైనోడే.

జనవరిలో గది 25 డిగ్రీలు: 0.25 × 11 = 2.75 వోల్టులు, బానే ఉంది. మేలో 44 డిగ్రీలు: 0.44 × 11 = 4.84 వోల్టులు రావాలి. కానీ 358 ఔట్‌పుట్ పై సప్లైకి సుమారు ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోద్ది. 5 వోల్టులిస్తే 3.5 దాకే. 3.5ని 11తో భాగిస్తే 0.318, అంటే 31.8 డిగ్రీలు. స్క్రీన్ మీద 32.

నేను చేసింది పెద్దేం కాదు, మల్టీమీటర్ మిల్లీవోల్టుల రేంజ్‌లో పెట్టి ఎర్ర వైరు 358 ప్లస్ ఇన్‌పుట్ మీద, నల్ల వైరు మైనస్ ఇన్‌పుట్ మీద ఆనించా. ఫీడ్‌బ్యాక్ ఉన్న సర్క్యూట్‌లో అక్కడ సున్నాకి దగ్గర్లో రావాలి, మహా అయితే రెండు మూడు మిల్లీవోల్టులు. 120 చూపించింది. "చూశావా, ముల్లు మధ్యలో లేదు, కొట్టాయన బస్తా ఖాళీ" అన్నా. వాడికి వెంటనే వెలిగింది.

దీన్ని సరిచెయ్యడానికి మూడు దార్లున్నాయి, మూడిట్లోనూ ఏదో ఒకటి వదులుకోవాలి. గెయిన్ తగ్గించొచ్చు: 39కె, 10కె పెడితే 4.9 రెట్లు, 44 డిగ్రీలకి 2.16 వోల్టులు, హాయిగా సరిపోద్ది. కాకపోతే ఆర్డుయినో ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు కాబట్టి ఇంతకు ముందు డిగ్రీకి 22 మెట్లు వచ్చేవి, ఇప్పుడు పదే వస్తాయి. రెండోది, 358కి 12 వోల్టులు ఇవ్వడం. అప్పుడు 4.84 వోల్టులు తేలిగ్గా వస్తాయి, కానీ సెన్సర్ వైరు ఊడిపోయి ప్లస్ పిన్ను గాల్లో ఉంటే ఔట్‌పుట్ పదిన్నర వోల్టులకి ఎగిరి ఆర్డుయినో పిన్నుని తగలేసే ప్రమాదం ఉంది. మూడోది, 6002 లాంటి రైల్-టు-రైల్ ఐసీ, అది 5 వోల్టుల సప్లైలో దాదాపు 5 దాకా వెళ్లిద్ది, కానీ పక్క సందులో కొట్టుకెళ్లి అడిగితే 358 దొరికినంత తేలిగ్గా దొరకదు. వాడు మొదటిది చేశాడు. గదిలో వేడికి డిగ్రీకి పది మెట్లు చాలు, పదో వంతు డిగ్రీ తెలిసి ఏం చేస్తాం, ఎటూ చెమటలే.

బఫర్: గెయిన్ ఒకటే అయినా ఎందుకు పెడతారు

ఔట్‌పుట్‌ని తిన్నగా మైనస్‌కి కలిపేస్తే వచ్చింది వచ్చినట్టే బయటికి పోద్ది. "ఇన్‌పుట్‌లో 6, ఔట్‌పుట్‌లో 6, మరి ఐసీ దండగ కదా" అని ప్రతి బ్యాచ్‌లో ఒకడు అడుగుతాడు, న్యాయమైన ప్రశ్నే.

ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులనుకోండి. దాంట్లో సగం కావాలని 100కె, 100కె రెండు రెసిస్టర్లు వరసలో పెట్టారు. మధ్యలో 6 వోల్టులు వస్తాయి. ఇప్పుడు ఆ మధ్య పాయింట్‌కి 10కె లోడ్ తగిలించండి. కింది 100కెకి 10కె పక్కన చేరేసరికి రెండూ కలిసి 9.1కె అవుతాయి, వోల్టేజి 6 నుంచి ఒక్క వోల్టుకి పడిపోద్ది. మధ్యలో బఫర్ పెడితే మధ్య పాయింట్ నుంచి అది కరెంట్ దాదాపు లాగదు, లోడ్‌కి కావాల్సిన కరెంట్ సప్లై నుంచి తెచ్చిచ్చిద్ది, 6 వోల్టులు 6గానే ఉంటాయి. బలహీనంగా ఉన్న సిగ్నల్ మాటని గట్టి గొంతుతో చెప్పడమే దాని పని.

స్టెబిలైజర్‌లో టక్కుమనేది ఎవరు

ఎండాకాలం సాయంత్రం ఏడింటికి వీధిలో ఏసీలన్నీ ఒకేసారి వేస్తే స్టెబిలైజర్ టక్, టక్ అని కొట్టుకోవడం మనందరికీ తెలిసిందే. రిలేలు వాడే పాత మోడల్ ఒకటి విప్పితే మామూలుగా లోపల 324 ఐసీ కనపడుద్ది, ఒకే ఐసీలో నాలుగు ఆప్-ఆంప్‌లు. కొత్తవాటిల్లో దాని బదులు మైక్రోకంట్రోలర్ ఉంటంది, అయినా చేసే ఆలోచన అదే.

ఇంట్లో కరెంట్‌ని చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించి, డీసీ చేసి, కొంచెం ముక్క తీసి ఒక ఇన్‌పుట్‌కి ఇస్తారు. లెక్కకి 230 వోల్టులకి అక్కడ 5 వోల్టులు వచ్చేట్టు పెట్టారనుకుందాం, అంటే లోపల ఒక వోల్టు బయట 46 వోల్టులతో సమానం. ఇంకో ఇన్‌పుట్‌కి జీనర్ డయోడ్ నుంచి కదలని వోల్టేజి. ఔట్‌పుట్ నుంచి మైనస్‌కి తీగ లేదు. బయట 180 కన్నా కిందికి పడితే ఆప్-ఆంప్ ఒక గోడకి కొట్టుకుంటది, ట్రాన్సిస్టర్ ఆన్ అయిద్ది, రిలే టక్కుమని ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపింగ్ (చుట్ట మధ్యలోంచి తీసిన తీగ) మార్చిద్ది.

ఇంతవరకు బానే ఉంది, కానీ కరెంట్ సరిగ్గా 180 దగ్గర ఊగుతుంటే? 179, 181, 179. రిలే టకటకటక కొట్టుకుంటా చివరికి కాంటాక్టులు నల్లబడిపోతాయి. ఇక్కడే ప్లస్‌కి వెనక్కొచ్చే తీగ పనికొచ్చిద్ది. రిఫరెన్స్ నుంచి ప్లస్‌కి 10కె, ఔట్‌పుట్ నుంచి ప్లస్‌కి 1 మెగ్ (పది లక్షల ఓమ్‌లు) పెట్టారనుకోండి. 12 వోల్టుల సప్లైతో 324 ఔట్‌పుట్ సున్నా నుంచి 10.5 దాకా ఊగుద్ది. దాంట్లో 10/1010 వంతు ప్లస్‌కి చేరుద్ది, 10.5 × 10/1010 అంటే సుమారు 0.104 వోల్టు. 46తో గుణిస్తే బయట దాదాపు 4.8 వోల్టులు. అంటే 180కి పడితే రిలే కొట్టుద్ది, మళ్లీ వెనక్కి పోవాలంటే 185 దాటాలి, మధ్యలో ఎంత ఊగినా పట్టించుకోదు. దీన్నే హిస్టెరిసిస్ అంటారు. ట్యాంక్ నిండితే మోటార్ ఆపే సర్క్యూట్‌లోనూ, ఇన్వర్టర్ బ్యాటరీ డౌన్ కటాఫ్‌లోనూ ఇదే ఉంటది. బ్యాటరీ విషయంలో ఇది లేకపోతే ఇంకా ఘోరం: లోడ్ తీసెయ్యగానే బ్యాటరీ వోల్టేజి కాస్త లేచి కూర్చుంటది, బాగుందనుకుని మళ్లీ ఆన్ చేసిద్ది, మళ్లీ పడిద్ది.

ఇక్కడో పాత వాదం ఉంది. కొందరు ఆప్-ఆంప్‌ని కంపారేటర్‌గా వాడకూడదు, దానికి 393, 339 లాంటి అసలు కంపారేటర్లు ఉన్నాయి అంటారు. వాళ్ల మాటలో బలముంది. 741 ఔట్‌పుట్ మైక్రోసెకనుకి అర వోల్టే కదులుద్ది, 12 వోల్టులు ఎగబాకడానికి 24 మైక్రోసెకన్లు. 40 కిలోహెర్ట్జ్ అల్ట్రాసోనిక్ సిగ్నల్‌లో సగం అల 12.5 మైక్రోసెకన్లే, ఇది పైకెక్కేలోపు అల తిరగబడిపోద్ది. పైగా 5532 లాంటి వాటిల్లో రెండు ఇన్‌పుట్ల మధ్య లోపలే డయోడ్లుంటాయి, ఇన్‌పుట్లు ఎక్కువ దూరం జరిగితే అవి కరెంట్ లాగేసి లెక్క మొత్తం చెడగొడతాయి. రెండో వర్గం వాళ్లేమంటారంటే, రిలే కదలడానికే కొన్ని మిల్లీసెకన్లు పట్టేచోట 24 మైక్రోసెకన్లకి ఏడవడం దేనికి, 324 వాడితే బయట పుల్-అప్ రెసిస్టర్ (ఔట్‌పుట్‌ని సప్లై వైపుకి లాగేది) కూడా అక్కర్లేదు కదా అని. 393 ఔట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, కిందికి లాగుద్ది గానీ పైకి నెట్టదు, పుల్-అప్ పెట్టడం మర్చిపోయి ఐసీ పోయిందనుకుని పారేసినోళ్లు బోలెడు మంది. నన్నడిగితే నెమ్మదైన పనికి 324 తప్పేం కాదు, అయితే వేగం అవసరమైన చోట పొదుపు చూసుకోకూడదు.

దసరా పందిట్లో మూడు మైకులు

మైక్ సెట్ కుర్రాళ్లకి 4558 అంటే తెలియనోడుండడు. ప్రీ-యాంప్ బోర్డ్, బాస్-ట్రెబుల్ బోర్డ్, ఎకో బోర్డ్, ఏది తిప్పినా ఎనిమిది కాళ్ల ఆ ఐసీ కనపడుద్ది. అందులో రెండు ఆప్-ఆంప్‌లుంటాయి.

పందిట్లో పూజారి గారికో మైకు, హరికథ ఆయనకో మైకు, "తెల్ల కారు తియ్యండి" అని చెప్పే అతనికో మైకు. మూడూ ఒక్క స్పీకర్లోకి కలపాలి. మూడు వైర్లూ మెలేసి కలిపేస్తే ఒకళ్ల సిగ్నల్ రెండోవాళ్ల వాల్యూమ్ కంట్రోల్లోకి దూరుద్ది, ఒకటి తగ్గిస్తే మిగతా రెండూ తగ్గిపోతాయి. అందుకని ఒక్కో దాన్నీ 10కె ద్వారా మైనస్ పిన్ను దగ్గర కలుపుతారు, ఔట్‌పుట్ నుంచి అదే మైనస్‌కి ఒక 100కె. ప్లస్‌ని గ్రౌండ్‌కి కట్టేస్తారు. ప్లస్ సున్నాలో ఉంది కాబట్టి కొట్టాయన మైనస్‌ని కూడా సున్నాలోనే ఉంచుతాడు. గ్రౌండ్‌కి కలపకపోయినా గ్రౌండ్ లాగా ఉంటది, అందుకే వర్చువల్ గ్రౌండ్. మూడు మైకుల కరెంట్లూ ఆ పాయింట్‌కి వచ్చి కలుస్తాయి గానీ అక్కడ వోల్టేజి కదలదు కాబట్టి ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ఒక్కోటీ పది రెట్లు పెరిగి, తలకిందులై బయటికొచ్చిద్ది, తలకిందులైతే చెవికేం తేడా తెలియదు.

ఆ బోర్డ్ 12 వోల్టుల బ్యాటరీ మీద నడవాలంటే మైనస్ సప్లై ఉండదు, అప్పుడు ప్లస్ పిన్నుని గ్రౌండ్‌కి కాకుండా 6 వోల్టుల దగ్గర నిలబెడతారు. సిగ్నల్ దాని చుట్టూ పైకీ కిందికీ ఊగుద్ది, రెండు చివర్లా కెపాసిటర్లు పెట్టి ఆ 6 వోల్టుల్ని మాత్రం బయటికి పోకుండా ఆపుతారు.

ఇదే పనికి 741 పెడితే ఏమయిద్ది? దాని గెయిన్, బ్యాండ్‌విడ్త్ (ఎంత ఫ్రీక్వెన్సీ దాకా పెంచగలదో అది) రెండూ గుణిస్తే సుమారు పది లక్షల హెర్ట్జ్. గెయిన్ 100 అడిగితే 10 కిలోహెర్ట్జ్ దాకే సరిగ్గా ఇచ్చిద్ది, తాళాల గలగల మొద్దుబారిపోద్ది. ఇంకోటి వేగం: 10 వోల్టుల ఎత్తున్న 20 కిలోహెర్ట్జ్ అల సున్నా దాటేటప్పుడు మైక్రోసెకనుకి 1.26 వోల్టులు పరిగెత్తాలి, 741కి అర వోల్టే చేతనవుద్ది. ఆ ఎత్తులో అది 8 కిలోహెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేసిద్ది, గుండ్రటి అల కాస్తా త్రిభుజం అయిపోద్ది. 072 అయితే మైక్రోసెకనుకి 13 వోల్టులు, 5532 అయితే 9.

మిర్చి టిక్కీ తూకం, అసలు కష్టం ఇక్కడుంది

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు, గుంటూరు మిర్చి యార్డులో ఉండే ఎలక్ట్రానిక్ కాటా లాంటిది ఒక ఎత్తు. కాటా ప్లేటు కింద లోడ్ సెల్ ఉంటది, బరువుకి సన్నగా వంగే లోహపు ముక్క, దాని మీద నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లు (సాగితే రెసిస్టెన్స్ మారే పట్టీలు) బ్రిడ్జ్‌గా, అంటే చతురస్రంలా కలిపి కట్టి ఉంటాయి. మామూలు లోడ్ సెల్ పూర్తి బరువు పెడితే, దానికిచ్చే సప్లైలో వోల్టుకి 2 మిల్లీవోల్టులు ఇచ్చిద్ది. 10 వోల్టులు ఇచ్చి, పూర్తి బరువు 100 కిలోలనుకుంటే, 100 కిలోలకి వచ్చేది 20 మిల్లీవోల్టులు. 45 కిలోల టిక్కీ (మిర్చి బస్తా) పెడితే 9 మిల్లీవోల్టులు. గ్రాముకి 0.2 మైక్రోవోల్టు.

అంత చిన్న సిగ్నల్ ఒంటరిగా రాదు. బ్రిడ్జ్ రెండు వైర్లూ 5 వోల్టుల దగ్గర కూర్చుని ఉంటాయి, వాటి మధ్య తేడానే మన 9 మిల్లీవోల్టులు. మేడ మీద నిలబడ్డ ఇద్దరిలో ఎవడు పొడుగో చెప్పాలి, మేడ ఎత్తు లెక్కలోకి రాకూడదు, అట్టాంటి పని ఇది.

ఒక ఆప్-ఆంప్, నాలుగు రెసిస్టర్లతో తేడా కొలిచే సర్క్యూట్ పుస్తకంలో ఉంటది, నాలుగు రెసిస్టర్లు పక్కాగా సరిపోతే 5 వోల్టులు పూర్తిగా కొట్టేసుకుపోతాయి. కానీ కొట్లో దొరికేది ఒక శాతం అటూ ఇటూ ఉండే రెసిస్టర్. గెయిన్ 100 పెట్టి, నాలుగూ చెడ్డ వైపుకే తప్పాయనుకుంటే 5 వోల్టుల్లో సుమారు 2500వ వంతు తప్పించుకుని లోపలికొచ్చిద్ది, అంటే 2 మిల్లీవోల్టులు. కాటా భాషలో పది కిలోలు! సున్నా బటన్ నొక్కి తీసెయ్యొచ్చు నిజమే, కానీ సప్లై కాస్త కదిలినా, రెసిస్టర్లు కాస్త వేడెక్కినా ఆ పది కిలోలు కూడా కదులుతాయి.

అందుకని మూడు ఆప్-ఆంప్‌ల ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ వచ్చింది. ముందు ఇద్దరు కాపలా, ఒక్కో వైరుకి ఒక్కొక్కడు, ఒకే రెసిస్టర్ మధ్యలో పెట్టుకుని తేడాని మాత్రం పెంచుతారు, 5 వోల్టుల్ని ఉన్నదున్నట్టే పంపుతారు. వెనక మూడోవాడు తీసివేత చేస్తాడు. తేడా అప్పటికే వంద రెట్లు పెరిగి ఉంటది కాబట్టి తీసివేతలో జరిగే తప్పు దాని ముందు చిన్నదైపోద్ది. 620 లాంటి ఐసీల్లో ఈ మూడూ లోపలే, రెసిస్టర్లు ఫ్యాక్టరీలో లేజర్‌తో సర్ది ఇస్తారు. ఈసీజీ మెషీన్‌లో కూడా ఇదే వరస, గుండె నుంచి చర్మం దాకా వచ్చేది ఒక మిల్లీవోల్టు ఉంటే గొప్ప, చుట్టూ గోడల్లో ఉన్న 50 హెర్ట్జ్ హమ్ మాత్రం రెండు చేతుల మీదా ఒకేలా ఎక్కి కూర్చుంటది.

ఇంకో శత్రువు ఎండ. 358కి ఆఫ్‌సెట్, అంటే ఇన్‌పుట్లు సమానంగా ఉన్నా లోపల ఉండిపోయే చిన్న తప్పు, డిగ్రీకి మామూలుగా 7 మైక్రోవోల్టులు జరుగుద్ది. పొద్దున తొమ్మిదికి సున్నా చేసిన కాటా మధ్యాహ్నానికి పది డిగ్రీలు వేడెక్కితే 70 మైక్రోవోల్టులు, అంటే 350 గ్రాములు. టిక్కీకి 350 గ్రాములు తేడా వస్తే రైతు ఊరుకుంటాడా, కొనేవాడు ఊరుకుంటాడా. అందుకే ఈ పనికి 358 పెట్టరు. తన ఆఫ్‌సెట్‌ని తానే మాటిమాటికీ కొలుచుకుని తీసేసుకునే చాపర్ రకం ఆంప్‌లు వాడతారు, లేదా యాంప్లిఫయర్ని, 24 బిట్ల ఏడీసీని (వోల్టేజిని అంకెగా మార్చేది) కలిపే ఇచ్చే హెచ్ఎక్స్711 లాంటి ఐసీ పెడతారు. మావాడి క్లాసులో సగం మంది ఆ చిన్న బోర్డ్ కొని "మాది ఆప్-ఆంప్ లేని ప్రాజెక్ట్ సార్" అంటన్నారంట. దాని లోపలే 128 రెట్ల యాంప్లిఫయర్ ఉంది, కనపడకుండా.

741 ఇంకా నేర్పాలా వద్దా

ఇంటిగ్రేటర్, ఫిల్టర్లు, ఫంక్షన్ జనరేటర్ల గురించి రాస్తే ఇంకో ఇంత అయిద్ది, ఒక్క మాట చెప్పి వదిలేస్తా: ఫీడ్‌బ్యాక్ దారిలో రెసిస్టర్ బదులు కెపాసిటర్ పెడితే ఇంటిగ్రేటర్, రెండూ కలిపి పెడితే ఫిల్టర్. కొట్టాయన అదే, పోసే గరిటె మారింది.

ఎక్కువ మంది కొట్టుకునేది ల్యాబ్‌లో 741 గురించి. వద్దనేవాళ్లు చెప్పేది, 1968 నాటి ఐసీ, అటు 15 ఇటు 15 సప్లై కావాలి, బయట ఇప్పుడు అంతా 5 వోల్టులు, 3.3 వోల్టులు, ల్యాబ్‌లో ఇది నేర్చుకున్నోడు బయటికొచ్చి మావాడిలాగే 5 వోల్టులకి కలిపి దెబ్బతింటాడు అని. ఉండాలనేవాళ్లు చెప్పేది, దాని లోపాలన్నీ కంటికి కనపడేంత పెద్దవి, స్లూ రేట్ (ఔట్‌పుట్ ఎంత వేగంగా కదలగలదో అది) అంటే ఏంటో చిన్న పాత ఆసిల్లోస్కోప్‌లో చూపించొచ్చు, ఆఫ్‌సెట్ సర్దడానికి 1, 5 పిన్నులు బయటికిచ్చారు, పొరపాటున ఔట్‌పుట్ షార్ట్ చేసినా తట్టుకుంటది, మంచి ఐసీ ఇస్తే పిల్లోడికి అన్నీ సరిగ్గానే వస్తాయి, సరిగ్గా వస్తే ఏం నేర్చుకుంటాడు అని. రెండో మాట నాకు నచ్చుద్ది, కానీ మొదటిది నిజం. మొదటి ఐదు ఎక్స్‌పెరిమెంట్లు 741తో చేయించి, ఆరోది అదే సర్క్యూట్ 5 వోల్టుల మీద 358తో చేయించి ఎక్కడ తేడా వచ్చిందో రాయమంటే ఇద్దరి గొడవా తీరుద్ది అనిపిస్తది.

రివ్యూకి పోయే ముందు రోజు రాత్రి మావాడు నా టేబుల్ మీద విప్పి పడున్న స్టెబిలైజర్ బోర్డ్ తిప్పి చూస్తన్నాడు. ఇప్పుడు అన్నిటికీ తీగ ఎటొచ్చిందో వెతకడం అలవాటైంది. 324 కింద వేలు పెట్టి ఒక్కో ఆంప్ చెప్పుకుంటా పోయాడు, ఇది లో కటాఫ్, ఇది హై కటాఫ్, ఇది మధ్య ట్యాపింగ్, ప్లస్‌కి 1 మెగ్ ఉంది కాబట్టి మూడూ ష్మిట్‌లే. నాలుగో దాని దగ్గర ఆగాడు. 14వ పిన్ను, 13వ పిన్ను ఒకదానికొకటి కలిపేసి ఉన్నాయి, 12వ పిన్ను రిఫరెన్స్‌కి పోయింది, ఔట్‌పుట్ నుంచి బయటికి ఒక్క ట్రాక్ కూడా లేదు.

"ఇది బఫర్ కదా మావయ్యా, మరి దేనికి బఫర్ ఇది?"

"దేనికీ కాదురా. నాలుగోదానికి పని లేదు. గాలికొదిలేస్తే పిచ్చి పట్టినట్టు ఊగి పక్కనున్న మూడిటినీ చెడగొడుద్దని అట్టా కట్టేశారు."